రాజుగారు ఊఁ కొట్టని మాట

కొండకొమ్ము మీద నిలబడి చూస్తే ఈ పొలిమేర నుంచి ఆ పొలిమేర దాకా ఒక్క చూపులో కనబడే రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు తెల్లేటికోట. రాజ్యం చిన్నదే గానీ రాజుగారి బిరుదులు మాత్రం చాలా పెద్దవి. ఉత్తుంగవర్మ మహారాజు కొలువుకు వస్తున్నాడంటే వందిమాగధులు వాకిట్లోనే బిరుదులు చదవడం అందుకునేవారు. ఆయన మెట్లెక్కి, సింహాసనం మీద సర్దుకుని కూర్చుని, తాంబూలం నమలడం ముగించినా వాటిలో సగం ఇంకా మిగిలే ఉండేవి.

ఆ కొలువులో మాచన అనే మాటకారి ఉండేవాడు. మాటకు మాట అప్పజెప్పడంలో అతనికి ఎదురు లేదు. మనసు మాత్రం ఎప్పుడూ బితుకుబితుకుమంటూ ఉండేది. ఇంటి నుంచి బయలుదేరి సగం దారి వచ్చాక, పెరటి తలుపుకు గడియ పెట్టానా లేదా, పిల్లలు ఏటి వైపు వెళ్ళిపోరు కదా అని వెనక్కి వెళ్ళి చూసుకునే మనిషి. వెళ్ళి చూస్తే గడియ ఎప్పుడూ పెట్టే ఉండేది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు.

మాచన పుట్టింది ఇక్కడ కాదు. ఎక్కడో సముద్రం ఒడ్డున, నెలల తరబడి నడిస్తే గానీ చేరలేని ఊరు అతనిది. పిల్లలు తెల్లేటికోటలో పుట్టారు. వాళ్ళు తాతనీ చూడలేదు, సముద్రాన్నీ చూడలేదు. అందుకని అన్నాల దగ్గర కూర్చోబెట్టుకుని తన ఊరి కబుర్లు చెప్పేవాడు. చెప్పాక దిగులు పట్టుకునేది. ఆ తాటితోపు నిజంగా అంత ఎత్తుండేదా, లేక నేనే పొడుగు చేస్తున్నానా? మర్నాడు పిల్లల్ని పిలిచి, "నిన్న మీ తాత పట్టాడని చెప్పిన చేప మూరెడు కాదర్రా, జానెడే అయ్యుంటుంది" అని దిద్దుకునేవాడు. పిల్లలు పకపకా నవ్వేవారు. "ఇవాళ జానెడైంది. రేపటికి తోకే మిగులుతుంది" అని భార్య కామసాని ఎత్తిపొడిచేది.

ఇప్పుడు ఆ రాజ్యపు ఆచారం ఒకటి చెప్పాలి. కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలని, ఊఁ లేకపోతే కథ సాగదని మనందరికీ తెలిసిందే. తెల్లేటికోటలో ఊఁకు ఇంకా ఎక్కువ విలువ ఉండేది. విజయదశమి నాడు నిండు కొలువులో రాజవంశ చరిత్ర చదివేవారు. చదివేవాడు ఒక్కొక్క మాటా చెప్పి ఆగితే రాజుగారు ఊఁ అనాలి. ఊఁ అన్న మాటకు శిల్పి అక్కడికక్కడే రాతి మీద గురుతు పెట్టుకుని, తర్వాత చెక్కుతాడు. ఊఁ అనని మాట రాయెక్కదు. ఒకసారి ఊఁ అన్నాక ఉఁహూఁ అనడానికి రాజుకైనా వీల్లేదు.

ఈ ఆచారం వల్లే ఒకసారి రాజుగారికి తలవంపులు వచ్చాయి. పొరుగు రాజ్యపు రాయబారి వచ్చి శాసనాలు చదివాడు. రాజుగారి తాత ఎక్కిన గుర్రం తెల్లేరును ఒక్క దూకులో దాటిందని అక్కడ రాసి ఉంది. రాయబారి ఆశ్చర్యం నటించాడు.

"మహారాజా, నేను వచ్చేటప్పుడు మీ రేవులో పడవ కోసం పూటంతా పడిగాపులు పడ్డాను. ఆ గుర్రం సంతతి ఏమైనా మిగిలి ఉంటే, తిరిగి వెళ్ళడానికి ఒకటి అరువిప్పిస్తారా?" అన్నాడు.

కొలువంతా నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుంది. రాజుగారి ముఖం కందగడ్డ అయింది. ఆ రాత రాసిన కవులందరికీ ఆ పూటే ఉద్వాసన జరిగింది. వాళ్ళ స్థానంలో ఉద్దాలభట్టు అనే పండితుడు వచ్చాడు.

భట్టుగారు అబద్ధమాడే మనిషి కాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. కాకపోతే తన పద్ధతి ముందు తక్కినవన్నీ గడ్డిపోచలని ఆయన నమ్మకం.

"మహారాజా! కథ చరిత్రకు పట్టిన చెద. కళ్ళు చూసిందే చరిత్ర. వచ్చాడు, వెళ్ళాడు, తీశాడు, మూశాడు, ఇంతే రాయాలి. ఎందుకు వచ్చాడు, ఏమనుకుని తీశాడు అన్నది ఎవరి కంటికైనా కనబడుతుందా? కనబడనిది కల్పన. కల్పనను నేను రాయెక్కనివ్వను" అన్నాడు.

రాజుగారికి ఇది తెగ నచ్చింది. ఇక ఏ రాయబారీ నవ్వలేడు కదా!

మాచన మెల్లిగా లేచి, "స్వామీ, చిన్న సందేహం. వండారు, తిన్నారు అని రాస్తాం, బాగానే ఉంది. మరి ఆకలి ఎక్కడ రాయాలి?" అని అడిగాడు.

"ఆకలి కంటికి కనబడదు. రాయనక్కర్లేదు. నీ పొట్ట చూస్తే నీకు దానితో పరిచయం ఉన్నట్టు కూడా లేదు!" అన్నాడు భట్టు.

కొలువు గొల్లుమంది. మాచన కూడా నవ్వి కూర్చున్నాడు. ఆనాటికి పందెం భట్టుగారిదే.

* * *

విజయదశమికి ముందురోజు భట్టుగారు కొత్త శాసనపు పాఠాన్ని కోటవాకిట్లో చదివి వినిపించాడు. రాజుగారి తాత కాలంలో శత్రువు కోటను పట్టుకున్న సంగతి అది. ఆ మరుసటి ఏడు తాతగారు కోటను తిరిగి గెలుచుకున్నారు. కానీ కోట చేయిజారిన రోజు గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. భట్టుగారి పాఠం ఇలా ఉంది.

'శత్రువు వచ్చాడు. కోట తూర్పు తలుపు మూసి ఉంది. కావలివాడు పోలయ్య తలుపు తీశాడు. శత్రువు లోపలికి వచ్చాడు. పోలయ్య రాజద్రోహి.'

రాతి మీద ద్రోహి అని పడితే ఆ ఇంటివాళ్ళు కోటలో ఉండకూడదు. ఆ రాజ్యంలో ఎవరూ వాళ్ళకు నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు పోయకూడదు, పిల్లనివ్వకూడదు.

ఆ సాయంత్రం పోలయ్య మనవరాలు ఎర్రక్క మాచన ఇంటికి వచ్చింది. ఇల్లరికం వచ్చిన మొగుడితో, ముగ్గురు పిల్లలతో ఆమె ఇప్పటికీ తూర్పు తలుపు పక్క ఇంట్లోనే ఉంటోంది. తలుపు కావలి ఇప్పటికీ వాళ్ళదే. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోకుండా స్తంభం పట్టుకుని నిలబడింది.

"అయ్యా, రేపు మా తాత పేరు రాయెక్కుతోందంట."

"విన్నానమ్మా. మీ తాత తలుపు తీసిన మాట నిజమేనా?"

"తీశాడయ్యా. తీయలేదని ఎవరన్నారు? ఆ రోజు ఏరు పొంగి కోట బయటి పేటలోకి వచ్చేసింది. పేటవాళ్ళంతా పిల్లల్ని నెత్తినెట్టుకుని గోడ కిందికి వచ్చి తలుపు బాదారంట. వెనక నీళ్ళు, ముందు గోడ. మా తాత తలుపు తీశాడు. వాళ్ళ వెనకాలే శత్రువు కూడా జొరబడ్డాడు."

"ఇది నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ. ఆమెకు మా తాతే చెప్పాడు."

"అంటే, తలుపు తీసినవాడు తన గురించి తాను చెప్పుకున్న మాట" అన్నాడు మాచన. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

ఎర్రక్కకు కోపం రాలేదు. "అవునయ్యా. ఆనాటికి నేను పుట్టలేదు. అది నిజమో కాదో నేనెట్టా చెప్పగలను? కానీ మా పిల్లలకు అదే చెప్పి పెంచాను. 'తీయాల్సి వచ్చినప్పుడు తలుపు తీసిన ఇంట్లో పుట్టార్రా మీరు' అని. రేపు రాయి ఇంకో మాట చెబితే, వాళ్ళు ఎవర్ని నమ్మాలి? రాయినా, నన్నా?"

మాచన ఇంటి లోపలి వైపు తిరిగి చూశాడు. లోపల తన పిల్లలు గొడవ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వాళ్ళు చూడని ఊరిని, చూడని తాతని తన నోటి మాట మీదే కదా వాళ్ళు నమ్ముతున్నది!

"అమ్మా, నేను అబద్ధం ఆడలేను. మీ తాత చెప్పింది నిజమని కొలువులో ప్రమాణం చేయమంటే చేయలేను" అన్నాడు.

"ప్రమాణం చేయమని అడగలేదయ్యా. మమ్మల్ని ఒక్కమాట అడిగి, ఆ తర్వాత రాసుకోమనండి. అంతే."

ఆమె వెళ్ళిపోయింది. మాచనకు అన్నం సహించలేదు. పిల్లలు కథ అడిగితే, "ఇవాళ వద్దర్రా" అన్నాడు.

* * *

తెల్లారింది. మాచన పట్టుబట్టలు కట్టుకుని కొలువుకు బయలుదేరాడు. ఉద్దాలభట్టుగారి వీధి మలుపు దాకా వచ్చాడో లేదో, పెరటి గడియ గుర్తొచ్చింది. పండగ పూటైనా తనకు ఈ జబ్బు తప్పదా అని తిట్టుకుంటూనే వెనక్కి వెళ్ళాడు. గడియ పెట్టే ఉంది. తిరిగి వస్తుండగా ఒక మనిషి తలకు ముసుగు వేసుకుని వీధిలోకి వచ్చి, మూలుగుతూ భట్టుగారి పెరటి గోడ ఎక్కడం కనబడింది.

మాచన గడ్డివాము చాటుకు తప్పుకున్నాడు.

భట్టుగారు ఏటి స్నానానికి వెళ్ళినట్టున్నాడు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గోడ దిగిన ఆ భారీ మనిషి పెరట్లోని జామచెట్టెక్కాడు. తలకు నెమలి అంచు శాలువా ముసుగు. నోటితో సన్నగా ఈల వేస్తున్నాడు. అంతలో పై కొమ్మ నుంచి ఒక చిలక గట్టిగా అరిచింది.

"బొజ్జ తాతా! బొజ్జ తాతా!"

"ఉష్! నోర్ముయ్యవే!" అన్నాడు ముసుగు మనిషి. ఆ గొంతు వినగానే మాచన గుర్తుపట్టాడు. బిరుదులన్నీ కలిపినా దాచలేని గొంతు అది. రాజుగారు! చిలకను పట్టి సంచిలో వేస్తుంటే కాలి కింది కొమ్మ ఫెళ్ళున విరిగింది. ఆయన జారుతూ, దిగుతూ, గోడెక్కి ఇవతలికి దూకి, పంచె ఎగ్గట్టుకుని కోట వైపు పరుగెత్తారు. సంచిలోంచి 'బొజ్జ తాతా' అన్న మాట దూరమైపోయేదాకా వినిపిస్తూనే ఉంది.

మాచన గడ్డివాముకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చూడరానిది చూశాను. చూశానని తెలిస్తే నా గతేమిటి? కామసానికైనా చెప్పకూడదు.

కాసేపటికి కళ్ళు తెరిచి విరిగిన జామకొమ్మను చూశాడు. మళ్ళీ చూశాడు. ఎర్రక్క కోసం కొలువులో ఏం చెప్పాలో తోచినట్టనిపించింది.

* * *

కొలువు కిటకిటలాడుతోంది. నున్నగా చెక్కిన నల్లరాతి పక్కన శిల్పి సుద్దముక్కతో సిద్ధంగా ఉన్నాడు. జనం వెనకాల, వాకిలి దగ్గర, ఎర్రక్క పిల్లల్ని దగ్గరికి లాక్కుని నిలబడి ఉంది. అందరికంటే ఆలస్యంగా ఉద్దాలభట్టు రొప్పుతూ వచ్చాడు.

"మహారాజా! ఘోరం! నా పెరట్లో దొంగ పడ్డాడు! జామచెట్టు విరిచేశాడు!"

రాజుగారు తాంబూలం ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకున్నారు. "ఆ... ఆ సంగతి తర్వాత చూద్దాం భట్టుగారూ. ముందు శుభకార్యం కానివ్వండి."

భట్టుగారు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"శత్రువు వచ్చాడు."

"ఊఁ" అన్నారు రాజుగారు, గంభీరంగా.

"కోట తూర్పు తలుపు మూసి ఉంది."

"ఊఁ."

"కావలివాడు పోలయ్య తలుపు తీశాడు."

"ఊఁ."

"శత్రువు లోపలికి వచ్చాడు."

"ఊఁ."

ఐదో మాటకు భట్టుగారు ఊపిరి తీసుకుంటుండగా మాచన లేచాడు.  

"మహాప్రభూ, ఒక మనవి. భట్టుగారి పద్ధతి నా మందబుద్ధికి ఇన్నాళ్ళకు ఎక్కింది. ఆ పద్ధతిలోనే నేనూ ఒక చిన్న చరిత్ర కూర్చుకొచ్చాను. ఇది ఈ పొద్దుటి చరిత్ర. ఇందులో కథ చిటికెడైనా లేదు. అంతా ఈ కళ్ళతో చూసిందే. తమరు ఊఁ కొట్టి, భట్టుగారు మెచ్చుకుంటే, ఆ ఐదో మాట నేనే గొంతెత్తి చదువుతాను."

భట్టుగారి ముఖం విప్పారింది. "ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందన్నమాట! సెలవివ్వండి మహారాజా, విందాం."

"కానీ" అన్నారు రాజుగారు దర్జాగా.

"ఈ పొద్దున ఒక మనిషి తలకు ముసుగు వేసుకుని వీధిలోకి వచ్చాడు."

"ఊఁ!" అని గట్టిగా అన్నాక గానీ రాజుగారికి అనుమానం రాలేదు.

"ఉద్దాలభట్టుగారి పెరటి గోడ ఎక్కాడు."

"అదిగో! నేను చెప్పలా!" అని ఎగిరాడు భట్టు.

"...ఊఁ" అన్నారు రాజుగారు. జరిగిన మాట కాదనడానికి వీల్లేదు మరి.

"జామచెట్టెక్కాడు. కొమ్మ విరిగింది."

"విరిగింది, విరిగింది! నేనూ చూశాను!"

ఈసారి రాజుగారి ఊఁ నీళ్ళు మింగినట్టు వినబడింది.

"చెట్టు మీద ఉన్నదాన్ని పట్టి సంచిలో వేసుకున్నాడు."

ఆ ఊఁ వింజామర వీచే దాసికి ఒక్కదానికే వినబడింది.

"గోడ దూకి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు."

శిల్పి సుద్దముక్క ఎత్తి పట్టుకుని, "దేవరవారు ఊఁ అన్నారా అండీ?" అని అడిగాడు.

"అన్నానులే!" అని కసిరారు రాజుగారు.

ఉద్దాలభట్టు చేతులు చరిచాడు. "భేష్ మాచనా! ఉన్నది ఉన్నట్టు చెప్పావు. ఒక్క ఎందుకూ లేదు, ఒక్క ఏమిటీ లేదు. ఇదీ చరిత్ర అంటే!"

"తమ ఆశీర్వాదం స్వామీ. అయితే ఐదో మాట ఒకటి మిగిలింది. ఆ మనిషి ఎలాంటివాడు? అది తమరే సెలవివ్వాలి."

"ఇంకా సందేహమా? దొంగ!"

"శిక్ష ఏమిటో?"

"ముఖానికి మసి పూసి, గాడిద మీద తోక వైపు తిప్పి కూర్చోబెట్టి, నాలుగు వీధులూ ఊరేగించాలి!"

"బాగా చెప్పారు, బాగా చెప్పారు" అంది కొలువు.

మాచన రాజుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "మహాప్రభూ, 'ఆ మనిషి దొంగ' అని రాయెక్కించాలి. తమ ఊఁ ఒక్కటే తక్కువ."

అన్ని తలలూ సింహాసనం వైపు తిరిగాయి. రాజుగారి దవడలో తాంబూలం ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. శిల్పి సుద్దముక్క రాతికి ఆనించి ఎదురుచూస్తున్నాడు.

రాజుగారు ఊఁ అనలేదు.

"అసలు... చెట్టు ఎందుకెక్కాడో కూడా కనుక్కోవాలి కదా" అన్నారు చివరకు.

భట్టుగారు నొచ్చుకున్నాడు. "మహారాజా! ఎందుకు అనేది కంటికి కనబడదు. తమరు అంగీకరించిన పద్ధతే కదా."

"కంటికి కనబడకపోతే లేనట్టేనా!" అని గద్దించారు రాజుగారు.

కొలువు ఉలిక్కిపడింది. మాచన మాత్రం వంచిన తల ఎత్తలేదు. "చెప్పేవారు ఉంటే వినడానికి నేనున్నాను మహాప్రభూ. ఊఁ నేను కొడతాను" అన్నాడు.

రాజుగారు అతని వైపు చూశారు.  ఇతనికి అంతా తెలుసు. తెలిసీ పేరు చెప్పలేదు. చెప్పే పని నాకే వదిలేశాడు. ఆ సంగతి బోధపడ్డాక ఆయన భుజాలు కాస్త దిగాయి.

"ఒక ముసలాయన ఉన్నాడనుకో" అన్నారు.

"ఊఁ" అన్నాడు మాచన.

"ఆయనకో ముద్దుల మనవరాలు."

"ఊఁ."

"దానికో చిలక. చిలకంటే ప్రాణం. పండగ పూట పంజరం తలుపు సరిగ్గా పడలేదు. చిలక ఎగిరిపోయింది."

"ఊఁ" అన్నాడు మాచన. ఈసారి పక్కనున్న మంత్రిగారు కూడా అన్నారు.

"పిల్ల ఏడుపు లంకించుకుంది. పాలు ముట్టదు, కొత్త బట్ట కట్టదు. చిలక చూస్తే ఎవరి పెరట్లోనో జామచెట్టు మీద కూర్చుంది. గోడవారగా నిలబడి పిలిస్తే రాదే!"

"ఊఁ!" అంది కొలువులో సగం.

"భటుల్ని పంపొచ్చు కదా అంటావు. పంపితే ఏం లాభం? ఆ చిలక నా ఈలకు తప్ప ఎవరికీ దిగదాయె!"

ఊఁ కొట్టబోయిన నోళ్ళన్నీ తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. 

ఉద్దాలభట్టు ముఖంలో నెత్తురుచుక్క లేదు. గాడిద ఆయన కళ్ళ ముందు నడుస్తూ ఉండి ఉండాలి. "మ... మహారాజా! అపచారం! అయితే దొంగ కాదు, దొంగ కానే కాదు!"

"అదెలా తెలిసింది స్వామీ?" అన్నాడు మాచన నెమ్మదిగా. "గోడ అదే. చెట్టు అదే. విరిగిన కొమ్మ అదే, సంచీ అదే. కంటికి కనబడినవాటిలో ఒక్కటైనా మారిందా?"

భట్టుగారు శిల్పి చేతిలోని సుద్దముక్క వైపు చూశాడు. 

మాచన నల్లరాతి దగ్గరికి నడిచాడు. "మహాప్రభూ, ఈ పొద్దున ఎక్కిన గోడకే ఇంత కథ వినాల్సి వచ్చిందే, తాతగారి నాటి తలుపుకు అక్కర్లేదా? పోలయ్య తలుపు తీయడం జనం చూశారు. ద్రోహాన్ని ఎవరు చూశారు? ఐదో మాట కంటికి కనబడింది కాదు. అదీ కథే. కాకపోతే చెప్పినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు. ఊరికే తీర్పు మాత్రం మిగిలింది."

ఉద్దాలభట్టు తేరుకున్నాడు. ఎంతైనా పండితుడు. "మాచనా, నీ మాట కాదనను. కానీ కథ అబద్ధమాడుతుందే! గుర్రం ఏరు దూకిందని రాసిందీ కథే కదా! నవ్వులపాలైందీ మనమే కదా!"

"ఆ భయం మీకంటే నాకే ఎక్కువ స్వామీ. మా ఇంట్లో నేను చెప్పే చేప రోజుకో కొలత తిరుగుతుంది" అన్నాడు మాచన. "అందుకే మీలాంటివారు కావాలి. గుర్రం కథ చెప్పినవాడికి రేవులో పడవలు అడ్డం పడ్డాయి. అలాగే పోలయ్య ఇంటివాళ్ళు చెప్పే కథకు ఏది అడ్డం పడుతుందో వెతకండి. కానీ ముందు వాళ్ళను చెప్పనివ్వండి."

రాజుగారు చెయ్యి ఊపారు. ఎర్రక్కను లోపలికి తీసుకొచ్చారు. ఆమె రాజుగారి వైపు చూడలేక రాతి వైపు చూస్తూ, పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. ఏరు, పేట, నెత్తి మీద పిల్లలు, తలుపు బాదిన చేతులు. రాజుగారు ఒక్కొక్క మాటకూ, రాయి కోసం కాకుండా కథకు కొట్టినట్టు, ఊఁ కొట్టారు. ఆ ఊఁలో ఇప్పుడు దర్జా లేదు. చెవి మాత్రమే ఉంది.

ఆమె ముగించాక అందరూ భట్టుగారి వైపు చూశారు. ఆయన అడ్డంకి కోసం వెతుకుతున్నట్టే కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ముఖం మారింది.

"ఆ ఏడు ఏరు పొంగి పేట మునిగిందని రేవు దగ్గరి పాత శాసనంలో ఉంది. నేనే చదివాను. తలుపుకు దానికీ సంబంధం లేదని వదిలేశాను."

"సంబంధం ఉందో లేదో తేల్చుకోవడానికే కదా స్వామీ, కథ వినేది?" అన్నాడు మాచన.

భట్టుగారు తల వంచాడు. ఆయన పద్ధతి వల్లే ఆ వరద సంగతి దొరికిందని, అది దాచకుండా చెప్పడం పెద్ద మనసని మాచనకు తెలుసు. అందుకని అక్కడితో ఆపాడు. కానీ మనసు ఊరుకోలేదు. మళ్ళీ రాజుగారి వైపు తిరిగాడు.

"ఇంకొక్క మాట మహాప్రభూ. దీంతో పోలయ్య మంచివాడని తేలిపోలేదు. వరద వచ్చింది, తలుపు తెరుచుకుంది. జాలిపడి తీశాడో, భయపడి తీశాడో, ఆశపడి తీశాడో నాకు తెలియదు. తెలుసని చెబితే నేనూ గుర్రాన్ని దూకించినవాణ్ణవుతాను."

ఎర్రక్క అతని వైపు చూసి తలాడించింది. నిన్న సాయంత్రం ఆమె అడిగింది అంతే.

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. తర్వాత శిల్పిని పిలిచారు. "ఐదో మాట వద్దు. మొదటి నాలుగూ చెక్కు, నా జామచెట్టు మాటలు వేరే రాతికి. వరద వచ్చిందని పైన చేర్చు. కింద రాయి ఖాళీగా ఉంచు."

"ఖాళీ ఎవరి కోసం దేవరా?"

"ప్రతి విజయదశమికీ ఈ ఇంటివాళ్ళు వచ్చి ఈ కథ చెబుతారు. రాజు ఊఁ కొడతాడు. మరొకరి దగ్గర మరో కథ ఉంటే వాళ్ళూ వచ్చి చెబుతారు. అదీ వింటాడు. వాళ్ళందరి కోసం."

ఎర్రక్క చిన్నకొడుకు తల్లి కొంగు లాగి, "అమ్మా, మనం ఇంటికెళ్ళొచ్చా?" అని గట్టిగానే అడిగాడు. "వెళ్ళొచ్చు నాయనా, తలుపు మీదే" అన్నారు రాజుగారు.

ఆ తర్వాత ఆయన ఉద్దాలభట్టు వైపు తిరిగారు. "అది సరే భట్టుగారూ, ఆ గాడిద సంగతి ఏం చేద్దాం?"

భట్టుగారు చేతులు జోడించాడు. "మహారాజా, రాజ్యంలో గాడిదలన్నీ మేతకు వెళ్ళాయని విన్నాను."

"విన్నారా? కళ్ళతో చూశారా?"

"చూడలేదు మహారాజా. ఈ ఒక్కసారికి కథతోనే సరిపెట్టుకోండి!"

రాజుగారు ఒక్కసారిగా నవ్వారు. బొజ్జ కదిలేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆయన నవ్వు చూసి కొలువంతా నవ్వింది. ఉద్దాలభట్టు కూడా నవ్వాడు, ముందు భయంతో, తర్వాత నిజంగానే. విరిగిన కొమ్మకు బదులు రాజతోటలోంచి మేలుజాతి జామ అంటుమొక్కలు ఆయన పెరటికి పంపించమని రాజుగారు ఆజ్ఞ ఇచ్చారు.

"మాచనా, ఇలా రా" అని పిలిచి, సింహాసనం వెనక నుంచి ఒక మూట తీశారు. విప్పితే నెమలి అంచు శాలువా. దాన్ని స్వయంగా మాచనకు కప్పారు. "ఇది నా దగ్గర ఉంటే మళ్ళీ ఎవరి గోడో దూకుతాను. నీ దగ్గరే ఉంచు." ఆపైన చెవి దగ్గరికి వంగి, "చిలక అన్న మాట కొలువులో చెప్పలేదు చూడు, దానికి ఇది" అని వేలి ఉంగరం తీసి తొడిగారు.

* * *

మాచన ఆ శాలువా కప్పుకుని ఇంటికి బయలుదేరాడు. కొలువులో జరిగింది ఇంకా వీధిలోకి రాలేదు. నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళు ఆగి, "రాజుగారి శాలువా మాచన మీద ఉందేమిటే?" అని గుసగుసలాడారు. అతను ఆగి మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. నాలుగడుగులు వేశాడో లేదో వడ్రంగి చూశాడు. మళ్ళీ చెప్పాడు. ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయింది. వాకిట్లో కామసాని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఎక్కడిదండీ ఇది?"

ముందు పెరటి వైపు వెళ్ళి గడియ చూసుకున్నాడు. పెట్టే ఉంది. అప్పుడొచ్చి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు.

"పొద్దున నేను వెళుతూ వెళుతూ గడియ సంగతి గుర్తొచ్చి వెనక్కి తిరిగాను."

"ఊఁ" అన్నారు పిల్లలు.

"ఈ మాట మీరు బయట అనకూడదు సుమా. జామచెట్టు మీద చిలక 'బొజ్జ తాతా' అని అరిచింది. చాలాసార్లు అరిచింది. అంటే... నేను లెక్కపెట్టలేదు. చెట్టు మీద ఒకసారి అరిచిందని ఖాయంగా చెప్పగలను. కాదు, రెండుసార్లు. సంచిలో మాత్రం..."

"నాన్నా!" అంది కూతురు, శాలువా అంచు లాగుతూ. "ఊఁ! తర్వాత?"